గీసేదీ కట్టేదీ ఒక్కరే అయినప్పుడు: డిజైన్-బిల్డ్ ఒప్పందాల తయారీ, నిర్వహణ

అందరికీ నమస్కారం.

ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం డిజైన్-బిల్డ్ ఒప్పందాలు. ప్రభుత్వ శాఖల్లో దీని దగ్గరి చుట్టాన్ని ఇ.పి.సి. అంటున్నాం, అంటే ఇంజనీరింగ్, సామగ్రి సేకరణ, నిర్మాణం అన్నీ ఒకే కాంట్రాక్టరుకు అప్పగించడం. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో భవన నిర్మాణంలో ఈ పద్ధతి ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉంది. మన దగ్గర పెద్ద ఆసుపత్రులు, కళాశాలలు, కార్యాలయ భవనాలు కట్టించేవారు ఇప్పుడిప్పుడే దీనివైపు మొగ్గుతున్నారు. ముందు వరసల్లో యాజమాన్యాల వారు, వెనుక కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు కూర్చున్నారు. నేను ముఖ్యంగా ముందు వరసలతో మాట్లాడతాను. ఎందుకంటే ఈ ఒప్పందం చెడితే, చాలాసార్లు అది యజమాని బల్ల దగ్గరే, టెండరు పిలవకముందే చెడుతుంది.

పాత పద్ధతి మీ అందరికీ తెలుసు. ఆర్కిటెక్టు ప్లాను గీస్తారు, స్ట్రక్చరల్ ఇంజనీరు బీములు, స్తంభాల లెక్క కడతారు, పరిమాణాల పట్టిక తయారవుతుంది, కాంట్రాక్టరు దాని మీద రేట్లు వేస్తారు. పని జరిగిన కొద్దీ కొలిచి, కొలతల పుస్తకంలో ఎక్కించి, బిల్లు ఇస్తాం. గోడలో తేమ వస్తే కాంట్రాక్టరు "డ్రాయింగులో ఇలాగే ఉంది" అంటారు. ఆర్కిటెక్టు "సైటులో సరిగా చేయలేదు" అంటారు. డిజైన్-బిల్డ్‌లో ఆ ఇద్దరినీ ఒకే సంతకం కిందికి తెస్తాం. గీసేదీ, కట్టేదీ, లోపం వస్తే సరిచేసేదీ ఒక్కరే. ధర కూడా ఏకమొత్తంగా ముందే తేలిపోతుంది. వినడానికి యజమానికి ఇంతకన్నా హాయి లేదు.

అక్కడే చాలామంది ఒక అడుగు ఎక్కువ వేస్తారు. బాధ్యత అప్పగించాం కదా, ఇక ఆలోచించే పని కూడా వాళ్లదే అనుకుంటారు. ఈ పద్ధతిలో యజమాని పని తగ్గదు. అది టెండరు కన్నా ముందుకు జరుగుతుంది, అంతే. పాత పద్ధతిలో నేల మీద ఏ రాయి వేయాలో పని సగమయ్యాక కూడా తేల్చుకోవచ్చు. ఇక్కడ సంతకం పెట్టాక మీరు మనసు మార్చుకున్న ప్రతిసారీ దానికి ధర ఉంటుంది. ఆ ధర చెప్పేది పోటీ లేని కాంట్రాక్టరు.

అందుకే ఈ ఒప్పందానికి గుండెకాయ లాంటి పత్రం ఒకటుంది. ఫిడిక్ అనే అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య తయారుచేసిన ప్రామాణిక ఒప్పందాల్లో దాన్ని యజమాని అవసరాల పత్రం అంటారు. భవనం ఏ పనికి, ఎంతమందికి, ఎన్నేళ్లకు, ఏ స్థాయిలో పనిచేయాలో అందులో రాయాలి. మన దగ్గర నేను చూసే పత్రాల్లో షరతుల భాగం రెండు వందల పేజీలు ఉంటుంది, ఈ అవసరాల భాగం పది పేజీలు ఉంటుంది. ఆ పది పేజీల్లో కూడా "ఉత్తమ నాణ్యత", "అంతర్జాతీయ స్థాయి", "ఇంజనీరు తృప్తి మేరకు" వంటి మాటలే. పెళ్లి భోజనాలు ప్లేటు లెక్కన మాట్లాడుకునేటప్పుడు మనం ఎన్ని కూరలు, ఏ స్వీటు, పెరుగు గడ్డదా చిలికినదా అని అడిగి మరీ రాయించుకుంటాం. కోట్ల రూపాయల భవనానికి మాత్రం "మంచి భోజనం" అని రాసి ఊరుకుంటున్నాం.

ఒక గదిని తీసుకుని దగ్గరగా చూద్దాం. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్. అవసరాల పత్రంలో "థియేటర్లకు కేంద్రీకృత ఎయిర్ కండిషనింగ్ ఏర్పాటు చేయాలి" అని ఒక్క వాక్యం ఉందనుకోండి. కాంట్రాక్టరు ఆ వాక్యానికి కట్టుబడే ఒక యంత్రం పెడతారు, గది చల్లబడుతుంది. సర్జన్ వచ్చి ఇది థియేటర్‌కు పనికిరాదంటారు. ఎవరిది తప్పు? అదే చోట ఇలా రాసి ఉంటే చూడండి: గదిలో గాలి గంటకు కనీసం 20 సార్లు మారాలి, అందులో 4 సార్లు బయటి తాజా గాలి కావాలి. ఉష్ణోగ్రత 21 డిగ్రీలకు 3 అటూ ఇటూ మించకూడదు. తేమ 20 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. పక్క గదులకన్నా గాలి పీడనం కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఉండాలి, అప్పుడే తలుపు తెరిచినా బయటి గాలి లోపలికి చొరబడదు. ఇవి నేను కనిపెట్టిన అంకెలు కావు, ఆసుపత్రుల గుర్తింపు కోసం ఎన్.ఎ.బి.హెచ్. ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నవే. వాటిని ఒప్పందంలోకి ఎక్కించడమే మన పని.

అక్కడితో ఆగకండి. బయట వాతావరణం ఎంత ఉన్నప్పుడు లోపల ఈ అంకెలు రావాలో కూడా రాయాలి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు తాకడం అరుదేమీ కాదు. భవనం డిసెంబరులో పూర్తయింది, పరీక్ష డిసెంబరులోనే జరిగింది, అన్నీ సరిగానే ఉన్నాయని కాగితం మీద సంతకాలు పడ్డాయి. మే వచ్చేసరికి అదే యంత్రం చేతులెత్తేస్తుంది. కాబట్టి చేతికి అందేటప్పుడు ఒక పరీక్ష, తర్వాత వచ్చే వేసవిలో రెండో పరీక్ష, అది నెగ్గేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచడం అని ఒప్పందంలోనే రాసుకోవాలి. పైకప్పుకూ, నేలమాళిగకూ వానకాలం అలాంటిదే. లోపాల బాధ్యత కాలంలో కనీసం ఒక పూర్తి వేసవి, ఒక పూర్తి వానకాలం పడేలా చూసుకోండి. రెండు యంత్రాల్లో ఒకటి ఆగిపోతే థియేటర్ నడవాలా వద్దా, కరెంటు పోతే ఎన్ని క్షణాల్లో జనరేటరు అందుకోవాలి, ఇవన్నీ యజమాని ముందే తేల్చుకోవలసిన సంగతులు. సర్జన్లను, నర్సులను, ఆ యంత్రాలు నడిపే మెకానిక్‌ను కూర్చోబెట్టి అడగకుండా ఈ పత్రం రాయలేరు. కన్సల్టెంటు తన కంప్యూటర్‌లో పాత ఆసుపత్రి ఫైలు తెరిచి పేరు మార్చి ఇస్తే అది మీ ఆసుపత్రి అవసరాల పత్రం కానే కాదు.

అలా రాసిన ఒక్క వాక్యానికి ఎంత బలం ఉంటుందో చెప్పే తీర్పు ఒకటి ఉంది. భవనం కేసు కాదు గానీ, ఈ రంగంలో పనిచేసేవారు ప్రతి ఒక్కరూ తెలుసుకోదగ్గది. స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య సాల్వే ఫర్త్ అనే సముద్రపు పాయలో రాబిన్ రిగ్ అనే పవన విద్యుత్ కేంద్రం ఉంది. సముద్రంలో 60 గాలిమరలు నిలబెట్టారు. వాటి పునాదులను డిజైన్ చేసి కట్టే పనిని ఎం.టి. హాయ్‌గార్డ్ అనే డెన్మార్క్ సంస్థ తీసుకుంది. పునాదుల డిజైన్‌కు జె101 అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని పాటించాలని ఒప్పందంలో ఉంది. సంస్థ పాటించింది. 2009 ఫిబ్రవరికి పునాదులు పూర్తయ్యాయి. కానీ ఆ ప్రమాణంలోని ఒక సమీకరణంలోనే తప్పు ఉంది. దానివల్ల పైపుల మధ్య పోసిన గ్రౌటు, అంటే సిమెంటు లాంటి మిశ్రమం, జాయింటుకు ఇచ్చే బలాన్ని దాదాపు పది రెట్లు ఎక్కువగా లెక్కించినట్టయింది. 2010లో జాయింట్లు జారడం మొదలైంది. మరమ్మతుకు 2 కోట్ల 62 లక్షల యూరోలకు పైగా ఖర్చు.

కాంట్రాక్టరు వాదన మనలో చాలామందికి న్యాయంగానే తోస్తుంది. మీరు చెప్పిన ప్రమాణాన్నే పాటించాను, జాగ్రత్తగా పనిచేశాను, తప్పు ప్రమాణంలో ఉంది, నాది కాదు. కానీ ఆ ఒప్పందపు సాంకేతిక భాగంలో, ఎక్కడో లోపలి పేరాలో, పునాదులు ఎలాంటి మార్పిడి అవసరం లేకుండా 20 ఏళ్లు నిలిచేలా డిజైన్ ఉండాలి అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. కింది కోర్టు యజమాని వైపు తీర్పిచ్చింది, అప్పీలు కోర్టు కాంట్రాక్టరు వైపు తిప్పింది. 2017 ఆగస్టులో బ్రిటన్ సుప్రీంకోర్టు మళ్లీ యజమాని వైపే తేల్చింది. ఒప్పందంలో ప్రమాణమూ ఉంది, ఫలితమూ ఉంది. ప్రమాణం కనీస మెట్టు మాత్రమే, అది చాలదనిపిస్తే ఇంకా పైకి వెళ్లవలసిన బాధ్యత డిజైన్ చేసేవారిదే అని చెప్పింది.

వెనుక కూర్చున్న కాంట్రాక్టరు మిత్రులకు ఈ తీర్పు గురించి ఒక మాట. ఆర్కిటెక్టు, ఇంజనీరు తమంతట తాము పనిచేసేటప్పుడు వారి మీద ఉండేది తగిన నైపుణ్యంతో, జాగ్రత్తతో పనిచేసే బాధ్యత. డిజైన్-బిల్డ్ ఒప్పందంలో దానికి పైన, భవనం ఉద్దేశించిన పనికి సరిపోవాలి అనే బాధ్యత వచ్చి చేరుతుంది. డిజైన్-బిల్డ్ కోసం ఫిడిక్ ఇచ్చిన నమూనా ఒప్పందం, పసుపు పుస్తకం అంటారు, అందులో ఇది స్పష్టంగా ఉంది. మీ కింద పనిచేసే డిజైనరుతో మీరు చేసుకునే ఒప్పందంలో మాత్రం జాగ్రత్త బాధ్యతే ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీ మొత్తం మీ నెత్తిన పడుతుంది. వృత్తిపర బాధ్యత బీమా ఉంది కదా అనుకోవద్దు. ఆ పాలసీలు సాధారణంగా నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికే వర్తిస్తాయి, ఫలితానికి మీరు ఇచ్చిన హామీని కవర్ చేయవు. టెండరు వేసే ముందు పాలసీ కాగితం, యజమాని అవసరాల పత్రం పక్కపక్కన పెట్టుకుని చదవండి. సాంకేతిక భాగం ఎస్టిమేటరుకు, షరతుల భాగం వకీలుకు ఇచ్చి చెరోవైపు చదివించే అలవాటు మానుకోండి. రాబిన్ రిగ్‌లో ఆ వాక్యం వకీలు చూసే భాగంలో లేదు.

ఇప్పుడు నేల సంగతి. హైదరాబాదులో పునాది తవ్విన ప్రతివారికీ ఇది అనుభవమే. మనది గ్రానైటు నేల. పైన రెండు మీటర్ల మట్టి, కింద మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి రాయి అని మట్టి పరీక్ష నివేదికలో గీత గీసి చూపిస్తారు. కానీ బోరు వేసినప్పుడు తగిలింది విడి బండా, లేక కిందంతా పరుచుకున్న షీట్ రాకా అన్నది ఆ ఒక్క గీతలో తెలియదు. రాయి తగలగానే బోరు ఆపేస్తే ఏ సంగతీ తేలదు. రాతిలోకి ఇంకా కొన్ని మీటర్లు దిగి కోరు తీసి, ఎంత ముక్క చెక్కుచెదరకుండా పైకి వచ్చిందో కొలిస్తేనే రాయి నాణ్యత తెలుస్తుంది. మూడు అంతస్తుల నేలమాళిగ ఉన్న భవనానికి నాలుగు మూలలా నాలుగు బోర్లు వేసి ఊరుకోవడం పొదుపు కాదు. ఆ కాసింత మిగులుకు తర్వాత రాతి తవ్వకం దగ్గర పదింతలు కట్టవలసి వస్తుంది. అటు కృష్ణా తీరానికి వెళ్తే కథ మారుతుంది. అక్కడ నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది.

ఏకమొత్తం ధర కదా, నేలలో ఏమున్నా కాంట్రాక్టరుదే అని రాసేస్తే సరిపోతుందా? రాయవచ్చు. ఇ.పి.సి. పనుల కోసం ఫిడిక్ ఇచ్చిన నమూనా, వెండి పుస్తకం, దాదాపు ఆ బాటలోనే నడుస్తుంది. అయితే అలా రాసినప్పుడు తెలివైన కాంట్రాక్టరు ఆ భయానికి ధర కడతారు. తెలివి తక్కువ కాంట్రాక్టరు కట్టరు, తక్కువ కోట్ చేసి పని గెలుచుకుంటారు, రాయి తగిలాక పని ఆపేస్తారు. రెండు విధాలా నష్టపోయేది మీరే. నాకు నచ్చిన దారి వేరే ఉంది. యజమానే ముందుగా మంచి పరీక్ష చేయించాలి. ఈ స్థలంలో ఇంత లోతు వరకు మట్టి, ఇన్ని ఘనపు మీటర్ల గట్టి రాయి ఉంటుందని భావించి ధర వేయండి అని టెండరులోనే ఒక గీత గీయాలి. ఆ గీత లోపల ఏమొచ్చినా కాంట్రాక్టరుది. దాటితే ఘనపు మీటరుకు ఇంత అని ముందే పోటీలో వచ్చిన రేటు. అప్పుడు పోటీదారులందరూ ఒకే నేల మీద నిలబడి ధర వేస్తారు.

స్థలం గురించి మాట్లాడుతున్నప్పుడు మన జలయజ్ఞం అనుభవం గుర్తు చేసుకోకుండా ముందుకు పోలేం. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి ప్రాజెక్టులను పెద్దఎత్తున ఇ.పి.సి. పద్ధతిలో అప్పగించారు. భూసేకరణ, అటవీ, పర్యావరణ అనుమతులు పూర్తి కాకముందే ఒప్పందాలు చేసుకోవడాన్ని కాగ్ 2012 నాటి నివేదికలో తప్పుపట్టింది. వేగం కోసం తెచ్చిన పద్ధతి స్థలం చేతిలో లేకపోవడంతో ఆగింది. భవనాలకూ ఇదే వర్తిస్తుంది. స్థలం స్వాధీనం, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, ఎత్తు అనుమతి, నీటి కనెక్షను, వీటిలో ఏది ఎవరు ఏ తేదీకి తేవాలో పట్టిక వేసి ఒప్పందానికి అతికించకపోతే, ఆలస్యమైన మొదటి నెలలోనే వాదం మొదలవుతుంది. యజమాని వల్ల ఆలస్యమైతే గడువు పెంచే నిబంధన తప్పక ఉండాలి. అది కాంట్రాక్టరుకు చేసే దయ అనుకోకండి. ఆ నిబంధన లేకపోతే మీ వల్ల జరిగిన ఆలస్యంతో అసలు గడువే పట్టు తప్పుతుంది, దాంతో ఆలస్య పరిహారం అడిగే హక్కు కూడా జారిపోతుంది.

ఆలస్య పరిహారం మాట వచ్చింది కాబట్టి మన చట్టంలోని రెండు సెక్షన్లు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి. దాని లోపల న్యాయమైన పరిహారమే దక్కుతుంది. 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, నష్టాన్ని నిరూపించడం సాధ్యమైన చోట నిరూపించాలి. అంటే వారానికి ఇంత అని అంకె వేసేటప్పుడు, ఆ అంకె ఎలా వచ్చిందో, ఆసుపత్రి తెరవడం ఒక వారం ఆలస్యమైతే జీతాలు, వడ్డీ, అద్దె రూపంలో మీకు ఎంత పోతుందో ఒక కాగితం మీద లెక్క కట్టి ఫైలులో ఉంచండి. ఇక 55వ సెక్షను. గడువు దాటాక చేసిన పనిని స్వీకరించేటప్పుడు, పరిహారం కోరే ఉద్దేశం ఉందని ఆ సమయంలోనే నోటీసు ఇవ్వకపోతే తర్వాత అడగలేరు. మన యాజమాన్యాల్లో మొహమాటం ఎక్కువ. పని జరుగుతోంది కదా, ఇప్పుడు ఉత్తరం రాస్తే మనసు కష్టపెట్టుకుంటారేమో అనుకుంటారు. మర్యాదగా రాసిన నోటీసు వల్ల సంబంధాలు చెడవు. రెండేళ్ల మౌనం తర్వాత ఒక్కసారిగా బిల్లులో కోసేస్తే చెడతాయి.

ఎంపిక గురించి క్లుప్తంగా. డిజైన్-బిల్డ్ టెండరు వేయాలంటే కాంట్రాక్టరు కొంత డిజైన్ సొంత ఖర్చుతో చేయాలి. పది మందిని పిలిస్తే ఎవరూ మనసు పెట్టి చేయరు. ముందు అర్హతలు చూసి ముగ్గురినో నలుగురినో ఎంచుకుని, ఓడినవారికి కూడా డిజైన్ ఖర్చులో కొంత ఇవ్వడం న్యాయం. తక్కువ ధరకే పని అన్న కట్టుబాటు నుంచి ప్రభుత్వ రంగం కూడా కొంత కదిలింది. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సూచనల్లో, నాణ్యత ముఖ్యమని ప్రకటించిన పనులకు నాణ్యతనూ ధరనూ కలిపి చూసే పద్ధతిని అనుమతించారు. అందులో నాణ్యత వాటా 30 శాతం మించకూడదు. ప్రైవేటు యజమానికి ఆ పరిమితి కూడా లేదు.

సంతకాలయ్యాక డ్రాయింగులు రావడం మొదలవుతుంది. ఇక్కడ యజమాని ఇంజనీరు చేతిలో ఉన్న ముద్ర చాలా ప్రమాదకరమైన వస్తువు. "ఆమోదించడమైనది" అని కొట్టేస్తాం. రేపు ఆ బీము వంగితే కాంట్రాక్టరు ఆ ముద్రే చూపిస్తారు. పరిశీలన వల్ల కాంట్రాక్టరు బాధ్యత తగ్గదని ఒప్పందంలో ఉండాలి. ముద్ర మీది మాట కూడా "ఒప్పందానికి అనుగుణంగా ఉందో లేదో పరిశీలించాం, అభ్యంతరం లేదు" అనే తీరులో ఉండాలి. 1999 నాటి పసుపు పుస్తకం ఈ పరిశీలనకు 21 రోజులు ఇస్తుంది. ఒకేరోజు మూడు వందల డ్రాయింగులు పంపితే 21 రోజుల్లో ఎవరూ చూడలేరు కాబట్టి, వారానికి ఎన్ని, ఏ వరసలో పంపాలో ముందే ఒప్పుకోండి.

ఇంకా ముఖ్యమైనది మీరు రాసే వ్యాఖ్య. డ్రాయింగు మీద ఎర్ర సిరాతో రాసే ముందు, ఇది ఒప్పందానికి విరుద్ధమా, లేక నాకు ఇలా నచ్చలేదా అని తేల్చుకోండి. మెట్ల వెడల్పు నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 అడిగిన దానికన్నా తక్కువ ఉంటే అది విరుద్ధం, మార్చాల్సిందే, పైసా ఇవ్వక్కర్లేదు. మెట్లు అటు కాకుండా ఇటు ఉంటే బాగుండేది అంటే అది మార్పు ఉత్తర్వు. దానికి ముందుగా ధర, గడువు రాతపూర్వకంగా తెప్పించుకుని, నచ్చితేనే ఉత్తర్వు ఇవ్వాలి. ఈ రెండూ ఒకే ఎర్ర సిరాలో కలిసిపోతే ఏడాది చివర్లో వచ్చే అదనపు బిల్లు చూసి నివ్వెరపోతారు. సైటులో నడుస్తూ చైర్మన్ గారు చేతితో చూపించి చెప్పే మాటలు కూడా ఇలాంటివే. ఒప్పందంలో పేరున్న ఒక్క వ్యక్తి రాతపూర్వకంగా ఇస్తే తప్ప ఏ మార్పూ చెల్లదని రాసుకోండి. ఆ నియమాన్ని అందరికన్నా ముందు చైర్మన్ గారే పాటించాలి.

ఇప్పుడు ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే భాగానికి వస్తాను. యజమాని మొదట సొంతంగా ఒక ఆర్కిటెక్టును పెట్టుకుని ప్రాథమిక డిజైన్ చేయిస్తారు. కాంట్రాక్టరు ఖరారయ్యాక ఆ ఆర్కిటెక్టును కాంట్రాక్టరుకు బదిలీ చేస్తారు. దీన్ని నొవేషన్ అంటారు, మన కాంట్రాక్టు చట్టం 62వ సెక్షను కింద ఇది చెల్లుతుంది. మీ మనసు తెలిసిన ఆర్కిటెక్టు అటువైపు ఉంటారు, డిజైన్ బాధ్యత కాంట్రాక్టరుకు వెళ్తుంది. కాగితం మీద చక్కగా ఉంటుంది. కానీ ఆ రోజు నుంచి ఆ ఆర్కిటెక్టు జీతం ఇచ్చేవారు మారతారు. యజమానికి తెలియజేసే బాధ్యత ఆయనకు ఇంకా ఉందా? సబ్ కాంట్రాక్టరు గీసిన డ్రాయింగును ఆయన పూర్తిగా తనిఖీ చేయాలా, పైపైన చూస్తే చాలా? బదిలీకి ముందు చేసిన డిజైన్‌లో తప్పుంటే ఎవరిది?

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ 24 అంతస్తుల నివాస భవనంగా ఉండేది. దాని ఆధునీకరణ డిజైన్-బిల్డ్ ఒప్పందం కింద జరిగింది. ఆర్కిటెక్టు మొదట భవన నిర్వహణ సంస్థకు పనిచేసి, తర్వాత కాంట్రాక్టరుకు బదిలీ అయ్యారు. బయటి గోడల తొడుగు డిజైన్ సబ్ కాంట్రాక్టరుకు వెళ్లింది. మొదట జింకు ప్యానెళ్లు అనుకున్నారు. ఖర్చు తగ్గించే దశలో వాటి స్థానంలో రెండు అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్ ఉన్న ప్యానెళ్లు వచ్చాయి, మిగులు దాదాపు మూడు లక్షల పౌండ్లు. 2017 జూన్ 14న, అర్ధరాత్రి దాటాక, ఒక వంటగదిలో మొదలైన మంట ఆ తొడుగు వెంట భవనమంతా పాకింది. 72 మంది చనిపోయారు.

2024 సెప్టెంబరులో వచ్చిన విచారణ తుది నివేదిక చదివితే ఇంజనీరుగా నాకు నిద్ర పట్టలేదు. ప్యానెళ్లు అమ్మినవారి మోసం, ప్రభుత్వ నియంత్రణ వైఫల్యం అందులో చాలా ఉన్నాయి. వాటితోపాటు, ఆర్కిటెక్టు, కాంట్రాక్టరు, తొడుగు సబ్ కాంట్రాక్టరు తమ తమ బాధ్యతలను సరిగా అర్థం చేసుకోలేదని, అగ్ని భద్రత సంగతి ఇంకొకరు చూసుకుంటారని అనుకున్నారని కూడా ఉంది. బాధ్యత అంతా ఒక్కరిదే అని చెప్పుకునే పద్ధతిలో, ఆ గోడ మంటకు ఎలా స్పందిస్తుందో చూడవలసిన మనిషి ఎవరో తేలలేదు.

అందుకని బాధ్యతల పట్టిక అనే కాగితాన్ని నేను పట్టుబట్టి అడుగుతాను. ఎడమవైపు భవనంలోని ఒక్కో భాగం ఉండాలి: పునాది, ఫ్రేము, బయటి తొడుగు, అగ్ని నిరోధక తలుపులు, అంతస్తుల మధ్య పైపులు వెళ్లే రంధ్రాల మూత. కుడివైపు దాన్ని డిజైన్ చేసేది ఎవరు, తనిఖీ చేసేది ఎవరు, వస్తువు మారితే మళ్లీ సంతకం చేయవలసింది ఎవరు అని మనుషుల పేర్లు ఉండాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా సంతకాలు జరగకూడదు. ఖర్చు తగ్గించే ప్రతి ప్రతిపాదనా, అది యజమాని అడిగినదైనా సరే, ఆ పట్టిక దాటి వెళ్లకూడదు. కాంట్రాక్టరుకు సంబంధం లేని మరో ఇంజనీరు చేత లెక్కలు తనిఖీ చేయించడం మన దగ్గర ప్రభుత్వ భవనాల్లో, ఐఐటీల ద్వారా, అలవాటే. ప్రైవేటు యజమానులు ఆ ఖర్చుకు వెనుకాడవద్దు. ఫ్రేముకే కాదు, బయటి తొడుగుకూ అగ్ని భద్రతకూ ఆ తనిఖీ కావాలి.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నదీ ముందే తేలాలి. ఏకమొత్తంలో కొలతల పుస్తకం ఉండదు, దశలవారీగా శాతాలు ఉంటాయి. కాంట్రాక్టరు సహజంగానే ముందు దశలకు ఎక్కువ శాతం అడుగుతారు. ఫ్రేము పూర్తయ్యేసరికి మూడొంతులు చెల్లించేశారనుకోండి, లిఫ్టులూ ఎయిర్ కండిషనింగూ బిగించే వేళకు మీ చేతిలో పట్టు ఉండదు. పరీక్షలు, అప్పగింత పత్రాలు, నిర్వహణ శిక్షణ, వీటికి గట్టి వాటా ఆపి ఉంచండి. అలాగని కాంట్రాక్టరు గొంతు నొక్కవద్దు. ఒప్పుకున్న దశ పూర్తయితే చెప్పిన తేదీకి సొమ్ము అందాలి. అది అందని చోట మొదట కోత పడేది కూలీల జీతాలకే.

వివాదం వస్తే ఏం చేయాలన్న దానికి ఆంధ్రప్రదేశ్‌లోని భవనమే ఒక తీర్పుకు కారణమైంది. గుంటూరు జిల్లాలో, మంగళగిరి దగ్గర కట్టిన ఎయిమ్స్ డిజైన్ ఒప్పందం మీద పెర్కిన్స్ ఈస్ట్‌మన్ అనే ఆర్కిటెక్టు సంస్థకు, ఆసుపత్రుల నిర్మాణం చూసే ప్రభుత్వ రంగ సంస్థ హెచ్.ఎస్.సి.సి.కి మధ్య వివాదం వచ్చింది. ఏకైక మధ్యవర్తిని నియమించే అధికారం ఒప్పందం ప్రకారం హెచ్.ఎస్.సి.సి. అధిపతిదే. 2019 నవంబరులో సుప్రీంకోర్టు, వివాదం ఫలితంతో సంబంధం ఉన్న వ్యక్తి ఏకైక మధ్యవర్తిని తానే నియమించడం కుదరదని చెప్పింది. 2024లో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకాలను తోసిపుచ్చింది. అయినా ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే ముసాయిదాల్లో "మా మేనేజింగ్ డైరెక్టరు నియమించిన మధ్యవర్తి" అన్న వాక్యం ఉంటోంది. ఇంటికి వెళ్లాక మీ ఒప్పందాల్లో ఆ వాక్యం ఉందేమో చూసుకోండి. ఉంటే మార్పించండి. అంతకన్నా మంచిది, పని మొదలైన రోజే ఇరువైపులా నమ్మే ఒక అనుభవజ్ఞుణ్ణి ఒప్పందంలో పేరు పెట్టి నియమించుకోవడం. ఆయన రెండు మూడు నెలలకోసారి సైటుకు వచ్చి, తగాదా ముదరకముందే తన అభిప్రాయం చెబుతారు.

చివరిగా అప్పగింత. భవనం తాళాలతోపాటు మీకు రావలసినవి కొన్ని ఉన్నాయి. కట్టినది కట్టినట్టు చూపే డ్రాయింగులు, డిజైన్ లెక్కలు, యంత్రాల పరీక్ష నివేదికలు, విడిభాగాల పట్టిక, ఆ డిజైన్‌ను రేపు మరమ్మతులకు, పై అంతస్తు వేయడానికి వాడుకునే హక్కు. ఈ హక్కు ఒప్పందంలో లేకపోతే, పదేళ్ల తర్వాత ఒక గోడ తీయాలన్నా అది భవనం బరువు మోసే గోడో కాదో తెలియక పాత కాంట్రాక్టరు కోసం వెతుక్కోవాలి. కట్టినట్టు చూపే డ్రాయింగులు చివరి నెలలో కూర్చుని గుర్తుతెచ్చుకుని గీసేవి కాకూడదు. స్లాబు కాంక్రీటు పోయకముందే కరెంటు పైపుల ఫోటోలు, కొలతలు తీసి, నెలనెలా అప్పగిస్తేనే ఆ నెల బిల్లు కదలాలి అని రాసుకోండి. దీనికి సరిపడే నిబంధన ముసాయిదా ఒకటి తయారు చేసి తెచ్చాను, బయట బల్ల మీద ప్రతులు ఉన్నాయి. మీ పనికి తగినట్టు మార్చుకుని వాడుకోండి. ఇక ప్రశ్నలు అడగండి, యాజమాన్యాల వారి నుంచే మొదలుపెడదాం.